బనియన్‌లో సినిమా పేజీ

హీరోగారు బండి మీద దూసుకుపోతుంటే మీరు థియేటర్లో ఈలలు వేశారు చూడండి, అవన్నీ నా వీపుకు వేసినవి. నేను ఆయన డూప్‌ని. ఇన్నేళ్ళలో నా మొహం ఒక్కసారి కూడా తెర మీద పడలేదు. మొహం గురించి నాకు బెంగ లేదు, నా బెంగంతా ఛాతీ గురించే.

డిసెంబరు పొద్దుటిపూట జూబ్లీ హిల్స్ రోడ్ల మీద బండి నడిపేవాడికి చలంటే ఏమిటో ఛాతీ చెబుతుంది. ఆ కొండ మీద ఇళ్ళున్నవాళ్ళకు తెలియదు. వాళ్ళు అద్దాలు ఎక్కించుకుని, చలికాలంలో కూడా కార్లో ఏసీ వేసుకునే పుణ్యాత్ములు. నేను మోతీనగర్ నుంచి స్వెటరు, మఫ్లరు, మంకీ క్యాపుతో కొండెక్కేవాణ్ణి. లొకేషన్‌లో అవన్నీ విప్పించి ఒక పల్చటి చొక్కా తొడిగేవాళ్ళు. హీరోకు చలి వెయ్యదు కదా, వేస్తే ఇంక హీరో ఏమిటి!

మా ఆవిడే ఉపాయం కనిపెట్టింది. "కెమెరాకు కనవడేది నీ వీపే గదా? ముంగట ఏం పెట్టుకుంటే ఎవనికి ఫికర్?" అని పాత పేపర్లు మడిచి నా బనియన్‌లోకి దోపింది. పేపరు దాటి గాలి రాదు. వీపు హీరోది, ఛాతీ నాది. అలా కొన్నాళ్ళు దర్జాగా గడిచిపోయింది.

ఒకరోజు డైరెక్టరుగారికి ఎదురు నుంచి షాటు తియ్యాలని బుద్ధి పుట్టింది. "హెల్మెట్ పెట్టేయండి, మొహం కనపడదు" అన్నాడు. మన సినిమాల్లో హీరో హెల్మెట్ పెట్టాడంటే లోపల హీరో లేడనే అర్థం, అది ఈలలు వేసేవాళ్ళకూ తెలుసు. నేను పేపర్లు తీసేలోపే "యాక్షన్" అని అరిచారు. ఏం చేస్తాను, బండి ముందుకు దూకించాను. దారిలో రెండు స్పీడ్ బ్రేకర్లు. ఆ కుదుపులకు ఛాతీ మీది పేపర్లన్నీ జారి బొడ్డు దగ్గర పోగయ్యాయి.

తిరిగొచ్చేసరికి అందరూ మానిటర్ దగ్గర మూగారు. అందులో హీరో బానపొట్టతో బండి మీద వస్తున్నాడు. కొత్తగా చేరిన అసిస్టెంట్ డైరెక్టరు ఒకాయన ఆనందం ఆపుకోలేక, "సార్, అచ్చం మన హీరోగారే!" అనేశాడు.

అంతే, కొంప మునిగింది. హీరోగారికి పొట్ట వచ్చిందని యూనిట్ అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరికీ తెలియదు. నన్ను పెట్టుకున్నదే ఆ పొట్ట కనపడకుండా ఉండటానికి. నా పొట్ట లోపలికి ఉన్నంతకాలమే మా ఇంట్లో నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్ళేది. ఫైట్ మాస్టరు నా వంక చూసి, "ఒరేయ్, ఎప్పట్నుంచిరా ఇది? ఇంక నువ్వు పనికిరావు, రేపట్నుంచి ఇంకొకణ్ణి చూసుకుంటాను" అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే క్యారవాన్ తలుపు తెరుచుకుంది. మోకాళ్ళ దాకా దూదికోటు, చేతిలో పొగలు కక్కే గ్లాసు, హీరోగారు దిగారు. మానిటర్ వంక కాసేపు తేరిపార చూసి, "ఇది నేనెప్పుడు చేశాను?" అన్నారు.

నవ్వితే బతుకు పోతుంది. అందరూ పెదాలు బిగబట్టారు. నేనింక ఆగలేదు. "పొట్ట కాదు సార్, పేపర్లు! చలికి పెట్టుకున్నాను" అంటూ చొక్కా పైకి లాగి గుప్పెడు బయటికి తీశాను. పైకొచ్చింది సినిమా పేజీ. పేజీ నిండా హీరోగారే, నా బొడ్డు కింద నలిగిపోయి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను.

మాస్టరు గాలివాటం తెలిసిన మనిషి. ఠక్కున అందుకుని, "చూశారా సార్, వీడు మిమ్మల్ని గుండెల్లో పెట్టుకుని తిరుగుతున్నాడు!" అన్నాడు.

హీరోగారి కళ్ళు చెమర్చాయి, ఒట్టు. పెన్ను తెప్పించుకుని ఫొటోలో తన నుదుటి మీదే అడ్డంగా సంతకం చేసి నా చేతికిచ్చారు. "ఇతన్ని ఎప్పుడూ మార్చకండి" అన్నారు. చలి అన్న మాట ఆయన చెవిన పడినట్టు లేదు. వెంటనే డైరెక్టరు, "ఆ చెత్తంతా తీసేయండి, వన్ మోర్!" అన్నాడు. ఆ పూటంతా ఉత్త చొక్కాతో తిరిగాను. హెల్మెట్‌లో నా పళ్ళు టకటకలాడుతుంటే నాకే వినిపించింది. దూదికోటులోంచి హీరోగారు నాకు బొటనవేలు ఎత్తి చూపించారు.

ఇంటికెళ్ళి, ఉద్యోగం నిలబడిందన్న సంబరంతో మా ఆవిడకు సంతకం చూపించాను.

"చలికి పెట్టుకున్ననని చెప్పినవా?"

"చెప్పిన."

"మరేమన్నడు?"

"సంతకం పెట్టిండు."

మర్నాడు పొద్దున నేను బయల్దేరుతుంటే ఆమె ఆ పేజీనే పట్టుకొచ్చింది. "అయ్యో, అది దాచుకునేది గదనే!" అన్నాను. ఆమె వినలేదు. హీరోగారి మొహం లోపలికి పోయేలా మడిచి, నా బనియన్‌లోకి గట్టిగా దోపి, పైన స్వెటరు కిందికి లాగింది.

"ఇన్నేండ్లు ఆయనకు నువ్వు వీపైనవ్. ఒక్క చలికాలమన్న ఆయన నీకు అడ్డముండని."