ఎవరి కంచమో

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా పెదపాడు వైపు విందులన్నిటికీ థర్మోకోల్ ప్లేట్లు వచ్చేశాయి. మా చర్చిలో కోతల పండుగ భోజనాల ఏర్పాట్లు నేను చూసేవాణ్ని. తిన్న ప్లేట్లను చర్చి వెనక పొలాలకు నీళ్లు పారే బోదెలో పడేయించిందీ నేనే. నీళ్లు వాటిని లాక్కుపోతే శుభ్రం చేశాననుకునేవాణ్ని.

మా వదినగారు సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేవారు. ఓ ఏడు పండుగకు ముందు ఆదివారం ఒక ప్లేటు కథ చెప్పారు. ఆ ప్లేటు బోదెలో ఈదుకుంటూ, నాట్లేసే ఆడవాళ్లను పలకరించి, మురుగు కాలువలో గుర్రపుడెక్క మధ్య చిక్కుకుని, ఎలాగో విడిపించుకుని కొల్లేరు చేరింది. చేపల పులుసు వాసన వస్తున్న దాని ముక్కను ఓ గూడబాతు చూసి, ముల్లు లేని చేప దొరికిందని మురిసిపోయి పిల్లకు తెచ్చిపెట్టింది. పిల్లలంతా నవ్వారు. తర్వాతేమైందని ఒకరు అడిగారు.

“పిల్లకి కడుపు నిండిపోయిందమ్మా. మళ్లీ నోరు తెరవలేదు.”

నవ్వులు ఆగిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ నావైపు ఆవిడ చూడనైనా లేదు.

ఆ సాయంత్రం వదినగారు, ఈసారి అందరినీ ఇంటినుంచి కంచాలు తెచ్చుకోమందామన్నారు. నాకు ఒళ్లు మండింది. నాన్నగారి చిన్నతనంలో ఆసామి ఇంట పెళ్లయితే మావాళ్లు ఎవరి కంచం వాళ్లు పట్టుకెళ్లి, పశువుల పాక పక్కన కూర్చుని పెట్టించుకునేవారు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది. అందరి ముందూ ఒకే తెల్ల ప్లేటు పెట్టించడం నాకు గర్వం.

“మళ్లీ కంచాలు చంకన పెట్టుకుని నడవమంటారా వదినగారూ?” అన్నాను, వెటకారంగానే.

“మా అమ్మా మోసిందండీ,” అన్నారావిడ. “ఈసారి తెచ్చినవాళ్లెవరూ తమ కంచంలో తినరు. చాలా?”

నాకు నమ్మకం కుదరలేదు. ఏలూరు వెళ్లి ప్లేట్ల కట్ట కొనితెచ్చి, చర్చి గదిలో దాచాను.

పండుగనాడు వదినగారు గేటు దగ్గరే అందరి కంచాలూ తీసుకుని, కడిగి, ఒకే దొంతరగా పేర్చారు. అన్నిటిమీదా పెళ్లి కానుకలప్పుడు చెక్కించిన పేర్లు ఉన్నాయి. ఎవరి చేతికి ఏది వస్తే అదే. ఒకావిడ పంక్తిలోంచే పిలిచి, “ఏవండీ, మీ కంచానికి సొట్టండీ, పులుసంతా ఓ పక్కకే పోతోంది,” అంది. “ఆ పక్కనే కూర్చోండి మరి,” అని జవాబొచ్చింది.

నాన్నగారు ఖాళీ చేతులతో వచ్చారు. ఆయన ముందు కంచం పెట్టగానే కట్ట తేవడానికి నేను లేచాను. ఆయన అంచుమీది అక్షరాలను వేలితో తడిమి చదివారు. మా ఊరి షావుకారుగారి తల్లి పేరు. ఏటా పండుగకు కానుక ఇచ్చి, మా పంక్తిలో భోజనం చేయకుండా వెళ్లిపోయే షావుకారుగారు కూడా ఆ ఏడు కంచం తెచ్చారు. ఎవరి కంచంలోనో అప్పటికే అన్నం కలుపుతున్నారు.

“నిలబడ్డావేంట్రా, కూర్చో,” అన్నారు నాన్నగారు. “పెట్టమ్మా.”

కూర్చున్నాను. ఆ సాయంత్రం బోదెలో నీళ్లు తప్ప ఏమీ పోలేదు.

దాచిన కట్ట గురించి వదినగారు ఎన్నడూ అడగలేదు. ఆ గది రెండో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేదని నాకు తర్వాత గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ కథ పిల్లలకు నేనూ చెబుతుంటాను. గూడబాతు దగ్గర బాగానే నవ్వుతారు. ఆ నవ్వు ఆవిడలా ఆపడం మాత్రం నాకు చేతకాలేదు.