బెల్టు కింద వేలు

ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించే పెద్దాయనకు ఒక అలవాటుంది. పాటకూ పాటకూ మధ్య మెడ గోక్కుంటున్నట్టు నటిస్తూ, భుజం మీది బెల్టు కింద బొటనవేలు దూర్చి బరువు ఎత్తిపట్టుకుంటాడు. నొప్పని తెలిస్తే తోటి కుర్రాళ్లు పక్కన కూర్చోబెడతారని భయం. ఒకరోజు వాద్యాల దుకాణంలో కూడా తల దించుకునే అడిగాడు. "తేలికపాటి బేస్ గిటార్, లోపల బ్యాటరీ మార్చే గొడవ లేనిది, కాస్త చవకలో చూపించమ్మా. నాకు కాదు, మా శిష్యుడికి."

దుకాణం ఆవిడ తీసిచ్చిన మొదటి రెండింటినీ ఎత్తి చూసి పెదవి విరిచాడు. మూడోది తగిలించుకుని మీటాడు. దూదిపింజలా ఉంది. మొహం విప్పారింది. వాయించడం ఆపగానే చెయ్యి దానంతటదే భుజం మీదికి పాకి, బొటనవేలు బెల్టు కింద దూరింది.

"మీ శిష్యుడికి సరిగ్గా సరిపోయింది, బాబాయ్‌గారూ," అంది ఆవిడ మెల్లగా. "ఇక ఆ వేలు తీసెయ్యొచ్చు."

పెద్దాయనకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వేలెక్కడ పెట్టుకోవాలో అసలే తెలియలేదు.