పెళ్లి పాటల క్యాసెట్టు మీద నా ముఖం

"ఇది నీ గొంతు కాదు నాయనమ్మా. మరి అట్ట మీద నీ ఫొటో ఏంది?"

"ఉన్నదున్నట్టు ఎక్కించవే. ఎక్కువ మాట్లాడమాక."

"పాడినోళ్ల ముఖం కదా ముందు వేసేది? ఎవరిదీ గొంతు?"

"ఆ ఫోను అవతల పడేసి, పోయి అంట్లు తోము!"

నా మనవరాలు రమ్య మా పాత పెళ్లి పాటల క్యాసెట్టును ఫోనులో పెట్టి అందరికీ వినిపించాలనుకుంది. దానికొక బొమ్మ కావాలి. నేను కసిరేసరికి అంట్లు తోమడానికి విసురుగా వెళ్లింది. ప్రశ్న మాత్రం నా ముందే కూర్చుంది. ఇన్నేళ్లుగా గుండె మీద బండలా మోసింది దాన్నే. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. మీకు చెబుతున్నాను.

పాడింది కోటమ్మ. నా మరిది భార్య. మరిది చిన్న వయసులోనే పోయాడు. పెళ్లి పందిట్లో ముత్తైదువుల వెనక, స్తంభం చాటున కూర్చుని నలుగు పాటలు పాడేది. నరసరావుపేటలో క్యాసెట్ల షాపాయన ఆ గొంతు విని, రికార్డు చేద్దామన్నాడు. ఆడవాళ్లను పోగుచేసి తీసుకెళ్లింది నేను. పాడటం నాకు రాదు. పెద్దకోడల్ని, అంతే.

"పాడినావిడ ఫొటోనే ముందు వెయ్యాలమ్మా, అదే పద్ధతి. పేరు పక్క అంచున, పాటల వరస లోపలి మడతలో," అన్నాడాయన.

పట్టుచీరలో తీయించుకున్న నా ఫొటో సంచిలో ఉంది. ఉన్నది ఉండగా ఇంకోటి దేనికి, దండగ అన్నాను. ఆయన సరేనన్నాడు. పొదుపు అనుకున్నాను. పొదుపేనా? మరి ఆ ఫొటో సంచిలో ఎందుకు పెట్టుకెళ్లాను? ముందు నా ముఖం, అంచున నా పేరు. లోపలి మడతలో, చీమ తలకాయంత అక్షరాల్లో, "వంత: కోటమ్మ".

అట్ట చూసి కోటమ్మ అడిగింది. నేను అబద్ధం చెప్పాను.

"పెళ్లి పాటల మీద బొట్టు లేని ముఖం వద్దన్నాడే షాపాయన."

"ఆయనే అన్నాడా అక్కా?"

"ఆయనే."

తర్వాత కోటమ్మ ఏ పందిట్లోనూ పాడలేదు. నలుగు మొదలవగానే లేచి వంటల వైపు వెళ్లిపోయేది. ఈపూరు నుంచి వినుకొండ దాకా మైకుల్లో ఆమె గొంతు మోగుతుంటే జనం నన్ను మెచ్చుకునేవారు. నేను కాదనలేదు. ఒక్కసారైనా కాదంటే ఏం పోయేది? ఆ అబద్ధం ఆమె ముఖాన్ని ఆమెకే అశుభం చేస్తుందని నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను.

రమ్య అడిగిన మర్నాడు పొద్దున్నే తనను వెంటబెట్టుకుని కోటమ్మ ఇంటికి వెళ్లాను. వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"బొట్టు లేని ముఖం వద్దని షాపాయన అనలేదు కోటమ్మా. నేనే అన్నా."

మాట నోరు దాటింది. ఎన్నో ఏళ్లకు ఊపిరి నిండుగా ఆడింది. కోటమ్మ చేతులు ఆగలేదు.

"ఎదురుపడ్డప్పుడల్లా ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నా అక్కా. ఆయన పోయినప్పుడు చూడ్డానిక్కూడా పోలా."

పాటల మీద ఆమె ఫొటో వేస్తానని రమ్య ఫోను తీసింది. కోటమ్మ చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని దాని ముందు కూర్చుంది. రమ్య ఫొటో తీసింది.

"వంత కింద నా పేరు వెయ్యవే," అన్నాను.

"నువ్వు వంత కూడా పాడలేదుగా అక్కా," అంది కోటమ్మ.

రమ్య ఆమె పేరొక్కటే వేసింది.