చింతపండుతో తోమిన కిరీటం

నా చిన్నప్పుడు శుక్రవారం వస్తే నాన్న నన్ను అల్ అజీజియాలో తాను డ్రైవరుగా ఉన్న అరబ్బుల విల్లాకు తీసుకెళ్ళేవాడు. మా పెద్దమ్మ అక్కడే ఇంటిపని చేసేది. కడప నుంచి వచ్చిన మనిషి, గిన్నె మెరవకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆ ఇంటి హాల్లో అద్దాల బీరువా నిండా పాతకాలపు పింగాణీ పళ్ళేలుండేవి. ఒకప్పుడు ఐరోపా దొరలు తమ వంశచిహ్నాన్ని గీసి చైనాకు పంపి, పళ్ళేల మీద వేయించి తెప్పించుకునేవారట. ఎవరి వంశమో ఏమో, ఒక డాలు, దానికి అటూ ఇటూ సింహాలు, పైన బంగారు కిరీటం. ఆ కిరీటం మసకబారిందని పెద్దమ్మకు ఒకటే బెంగ. పండక్కి చుట్టాలొస్తున్నారని ఒక పళ్ళెం తీసి, మన ఇళ్ళలో ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండూ ఉప్పూ వేసి తోమింది. అది పైపైన పూసిన బంగారం. కిరీటం కాస్తా పీచుకు అంటుకుని వచ్చేసింది.

ఆ ఇంటి మేడం బజారు నుంచి వచ్చే వేళైంది. పెద్దమ్మను పనిలోంచి తీసేసి ఊరికి పంపేస్తారని నాకు ఏడుపొచ్చింది. పళ్ళేన్ని వెనక్కి తిప్పి బీరువాలో పెట్టేశాను. పెద్దమ్మ దాన్ని మళ్ళీ ఇటు తిప్పి, చెరిగిన ముఖం బయటికి కనబడేలా నిలబెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళెప్పుడన్నా దాని మొగం చూసినారా పెద్దమ్మా?" అన్నాను.

"రోజూ దుమ్ము తుడిచేది నేను గదమ్మీ. తుడిచినప్పుడల్లా దొంగ మాదిరి భయపడుకుంటా సచ్చేదా?" అంది.

మేడం రాగానే తానే చెప్పేసింది. మేడం కరుగుతుందేమోనని నేను ఆశగా చూశాను. ఆమె బీరువాకు తాళం వేసి, "యల్లా, కిచెన్" అంది, ఇక వంటింట్లోకే నడువన్నట్టు, అంతే. చల్లటి హాలు పోయి, అక్కడ పనిచేసినన్నాళ్ళూ పెద్దమ్మకు పొయ్యి సెగే మిగిలింది. నిజం చెప్పినందుకు దక్కింది అదీ. తలుచుకుంటే నాకు ఇప్పటికీ చిరాకే. ఆమె మాత్రం ఆ వంటగదిలో కూనిరాగాలు తీస్తూ రొట్టెలు కాల్చేది, అది చూస్తే ఇంకా చిరాకు.

ఇప్పుడు అల్ వుకైర్‌లో కొడుకు దగ్గరుంటున్నాను. మొన్న కోడలు ముచ్చటపడి కొనుక్కున్న గాజు జాడీ నా చేతిలో పగిలింది. ఇంట్లో ఎవరూ లేరు, చెత్తసంచి పక్కనే ఉంది. ముక్కలన్నీ ఏరి, గుమ్మంలోకి రాగానే కనబడేలా బల్ల మీద పెట్టి కూర్చున్నాను, పెద్దమ్మను తిట్టుకుంటూనే.