సన్నిధిలో తూగిన బరువు

ఏడుకొండల మీద నిలబడి, కింద ఏ వీధిలో ఏ ఇంట్లో ఎవరు ఏం తలపోస్తున్నారో తెలిసిన స్వామికి ముందుగా దండం. పైకి ఎక్కినవారినీ నేల మీద మిగిలినవారినీ ఒకే కంటితో చూసే తండ్రికి దండం. తప్పు చేసిన నోటితోనే తన నామం పలకనిచ్చే దయకు వేయి దండాలు. ఆ దయ లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే ధైర్యం నాకు వచ్చేది కాదు.

మా అత్త ఇరవై ఆరేళ్లుగా తిరుపతిలో మా ఇంట్లోనే ఉంటుంది. ఆమె కాఫీలో ఎంత చక్కెర వేయాలో, ఏ మోకాలు ఎప్పుడు నొస్తుందో, ఏ మాటకు అలుగుతుందో నాకు తెలిసినంతగా ఆమె కన్నకొడుకులకు తెలియదు. నా తోడికోడలు చిత్తూరులో ఉంటుంది. నగరి మగ్గాల ఇంటి పిల్ల; మా మరిది ఇష్టపడి చేసుకున్నాడు. ఆడవాళ్ల బట్టలు కుట్టే అంగడి పెట్టుకుంది. నెలకు ఒకసారి వచ్చి ఒక పూట కూర్చుని వెళ్తుంది. ఆ పూటలో మా అత్త నవ్వినంత, మిగిలిన నెలంతా నా దగ్గర నవ్వదు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను.

నా జాకెట్లు కూడా తనే కుడుతుంది. ఇచ్చేటప్పుడు ప్రతిసారీ ఒకే మాట: "అక్కా, లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలినాలే. కావాల్సి వస్తే ఇప్పుకోవచ్చు." నేను లావెక్కుతున్నానని ఎత్తిపొడుస్తోందనుకునేదాన్ని. ఆ కుట్టు ఒక్కసారి కూడా విప్పలేదు. ఊపిరి బిగబట్టి హుక్కులు పెట్టుకునేదాన్ని.

నాకు మా నాయన నేర్పిన చదువుంది. కార్వేటినగరం పక్కన మా పుట్టింటి ఊరి గుడిలో అందరూ కలిసి పాశురాలు చదివే గోష్ఠికి ఆయనదే ముందు గొంతు. మగపిల్లలు తప్పించుకుని తిరుగుతుంటే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వల్లె వేయించాడు. ఇప్పటికీ ప్రతి శనివారం మా ఇంట్లో పదిహేనుమంది ఆడవాళ్లం పారాయణకు కూర్చుంటాం. చివర అర్థం చెప్పేది నేనే. అసూయ గురించి కూడా చెప్పాను. బాగానే చెప్పానని అందరూ అన్నారు.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం తోడికోడలు వచ్చి, తన ఫోను అత్త ముక్కు దగ్గర పెట్టింది.

"అత్తా, ఇది సూడు. నంది కొండల కాడ హెలికాప్టర్ ఎక్కిస్తారంట. పదైదు నిమిషాలు. కింద అంతా ద్రాచ్చ తోటలే."

మా అత్త పుట్టింది చిక్కబళ్లాపురం వైపు. వాళ్ల తాతకు ద్రాక్ష పందిళ్లు ఉండేవి. ఆ పందిళ్ల మాట ఎత్తితే ఆమె గొంతే మారిపోతుంది.

"ఆ పందిరి కింద పెరిగినదాన్ని మే నేను. వొంగి వొంగి నడిసేది. ఆకుల కింది పక్కే సూసినా. పై పక్క యెట్టుంటాదో కాకులకే ఎరుక."

"అయితే ఈ తూరి కాకులతో పాటు నువ్వూ సూద్దువు పా."

అత్త పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వంటింట్లో కాఫీ తిరగబోస్తూ నేను విన్నాను.

"మూడే సీట్లంట అత్తా. నువ్వు, నేను, మీ సిన్నోడు."

నా పేరు లేదు. ఆమె మోకాలికి నూనె మర్దన చేసేది నేను, ఆస్పత్రి వరండాలో ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చునేది నేను. పందిళ్ల కథ వందసార్లు విన్నదీ నేనే. విని ఊరుకున్నాను తప్ప, ఆ పందిరిని ఒకసారి పైనుంచి చూపిద్దామన్న ఆలోచన నాకు రాలేదు. నన్ను ఎక్కువగా కాల్చింది అదే. తనకు వచ్చింది, నాకు రాలేదు.

కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్లి, శనివారం అర్థం చెప్పే గొంతుతో మొదలుపెట్టాను. "అవి తినే ద్రాక్ష కాదత్తా, వైను తీసే తోటలు. మన ఇంటివాళ్లు పోదగిన చోటు కాదు."

"మనమేమన్నా తాగతామా మే? కాకి సారాయంగడి మీద ఎగిరితే దానికి మత్తెక్కుతాదా?"

"దేవుడి కొండ మీదుగా ఎవరూ ఎగరకూడదంటారు. ఎత్తున ఎగరడమే అపచారం."

"ఆ కొండ ఏరే, ఈ కొండ ఏరే. ఆ సోమి ఈడ ఉండాడు, నేను ఆడ ఎగురుతా."

"ఈ నెలంతా దినం కూడా బాగలేదు."

"నేను పెండ్లికి పోతాండానా?" అని అత్త గ్లాసు అందుకుంది. తోడికోడలు నవ్వలేదు. నా వైపు ఒకసారి చూసి తల వంచుకుంది. నవ్వి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది.

ఆ వారమంతా నా నోట నామం నడుస్తూనే ఉంది, లోపల ఆ మూడో సీటు తిరుగుతూనే ఉంది. దీపం వెలిగించేటప్పుడు కూడా స్వామిని ఒకటే అడిగాను: ఆ ప్రయాణం ఎట్లాగైనా చెడిపోవాలి. అడిగిన మరుక్షణం సిగ్గేసింది. మరునాడు మళ్లీ అదే అడిగాను.

నాలుగోనాడు తోడికోడలు ఫోను చేసింది.

"అక్కా, వాళ్లు బరువులు అడగతా ఉండారు. ముగ్గురూ కలిసి రెండొందల కిలోలు దాటకూడదంట. మీ మరిది ఒక్కడే తొంభై ఉండాడు. ఆయప్ప వస్తే అది లెయ్యదు. నువ్వు రాగూడదా?"

ఎగిరి గంతేయాలనిపించింది. వెంటనే, తన మొగుడు మిగిల్చిన సీటు నాకు విసిరిందన్న మంట. ఈ రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి.

"అత్త యాభై ఐదు, నేను అరవై ఎనిమిది. నీది డెబ్బై ఏడు లోపల ఉండాల. ఎంత అక్కా నువ్వు?"

మా ఇంట్లో తూకం యంత్రం లేదు. నేను నిలబడి తూగింది జన్మలో ఒక్కసారే. పెళ్లయిన మూడేళ్లకూ కడుపు పండకపోతే, మా అత్త తన ఊరి పెరుమాళ్ల గుడిలో నా పేరున తులాభారం మొక్కింది. ఒక తట్టలో నేను, ఇంకో తట్టలో బెల్లం. ఆ బెల్లం తూగిన బరువు యాభై ఎనిమిది కిలోలు. ఏడాది తిరగకుండా నా కూతురు పుట్టింది.

"యాభై ఎనిమిది" అన్నాను.

"యాభై ఎనిమిదా అక్కా?" అని ఒకసారి అడిగింది. "సరేక్కా. రాసి పంపిస్తా" అంది.

ఫోను పెట్టేశాక నన్ను నేను సమాధానపరచుకున్నాను. అది అబద్ధం ఎట్లా అవుతుంది? స్వామి సన్నిధిలో, ఆయన కళ్లెదుట తూగిన బరువు అది. దానికంటే నమ్మకమైన తూకం లోకంలో ఎక్కడుంది? చదువు రానివాళ్లు ఇట్లాంటి సాకు వెతుక్కోలేరు. మా నాయన నేర్పిన చదువంతా ఆ పూట ఆ ఒక్క సాకుకు పనికొచ్చింది.

బయలుదేరే రోజు తెల్లవారే మరిది కారు తెచ్చాడు. పలమనేరులో దిగి ఇడ్లీలు తిన్నాం. తోడికోడలు నాలుగు ఇడ్లీలు తిని, అత్త ప్లేటులో ఒకటి మిగిలితే అది కూడా తీసుకుంది. ముళబాగిలు, కోలారు దాటేదాకా ఇద్దరూ పాటలు పాడుతూనే ఉన్నారు. నేను ముందు సీట్లో కూర్చుని, వాళ్లిద్దరి పాట మధ్యలోకి నా పారాయణ దూర్చాలని చూశాను. కుదరలేదు.

హెలికాప్టర్ ఉన్న మైదానం పక్కన చిన్న రేకుల గది. పేర్లు చూసుకుని, అక్కడి మనిషి నేల మీద ఉన్న నల్లటి పలక చూపించి, కన్నడం కలిసిన తెలుగులో, "ఒక్కొక్కరే ఎక్కండి అమ్మా, తూకం చూడాలి" అన్నాడు.

మళ్లీ తూస్తారని మాకెవరికీ తెలియదు.

అత్త ఎక్కింది. యాభై ఏడు. తోడికోడలు ఎక్కింది. డెబ్బై. చేతిసంచీ కింద పెట్టాను, చెప్పులు విడిచాను. చేతి గాజులు కూడా తీసేయాలనిపించింది. ఎక్కాను. ఎర్రటి అంకెలు కొంచెంసేపు అటూ ఇటూ ఆడి, ఎనభై మూడు దగ్గర నిలిచాయి.

ఆ మనిషి కాగితం చూశాడు, పలక చూశాడు, నన్ను చూశాడు. "ఇక్కడ యాభై ఎనిమిది అని ఉందే!"

బయట ఎక్కడో నీళ్ల మోటారు చప్పుడు ఒకటే వినిపిస్తోంది.

"పది కిలోలు ఎక్కువైంది. ఒకరు ఆగిపోవాలి అమ్మా."

ఆగిపోవాల్సింది ఎవరో చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. నేను నోరు తెరవాలి. తెరవలేదు. నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది, స్వామిని తూచబోయి నగలన్నీ కుప్పపోసినా తట్ట కదలక ఓడిపోయిన రాణి కథ. శనివారం పారాయణలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ నన్ను నేను తులసి దళం పెట్టిన ఆమెగానే అనుకున్నాను. నగలు కుప్పపోసిన ఆమె నేనే కావచ్చునని ఒక్కనాడూ తోచలేదు.

"నేను ఆగతాలే" అంది తోడికోడలు. "పొద్దున్నించీ కడుపులో యెట్టనో ఉండాది. పైకి పోతే కండ్లు తిరగతాయి. నువ్వు పోక్కా."

ఐదు ఇడ్లీలు తిని కోలారు దాకా పాడిన మనిషి.

మరిది దూరం నుంచి అరిచాడు. "నన్ను బరువని దించేస్తివి, ఇప్పుడు నువ్వూ దిగితివా? రా, ఇద్దరం నేల మీదనే కాపురం చేసుకుందాం."

"నీతోనే గదా నా కర్మ" అని నవ్వుకుంటూ పోయింది.

హెలికాప్టర్ లేచింది. నాకు దక్కాలనుకున్న సీటు దక్కింది. అత్త పక్కనే కూర్చున్నాను, ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. కింద తోటలు ఇనుప తీగలకు పాకించిన వరసలు వరసలుగా, దువ్విన తలలా ఉన్నాయి. అత్త అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు వెతికింది. చెవులకు తగిలించిన హెడ్‌ఫోనులో ఆమె గొంతు వినిపించింది: "పందిళ్లు లేవే!" పైలట్ ఏమనుకున్నాడో, కొంచెం పక్కకు తిప్పాడు. ఒక చెరువు గట్టు కింద పాత పందిరి ఒకటి కనబడింది. పైనుంచి చూస్తే ఆకుల మీద ఎండ పడి, నీళ్లు నిలిచిన మడిలా మెరుస్తోంది. అత్త కళ్లు తుడుచుకుంది.

దిగేముందు మైదానం అంచున పసుపురంగు చుక్క ఒకటి కనబడింది. తోడికోడలి చున్నీ. రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. అత్త నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని, అద్దం దగ్గర అరచెయ్యి పెట్టి ఊపసాగింది. అంత ఎత్తున కూడా నేను దాన్ని ఓర్చుకోలేకపోయాను.

తిరుగుదారిలో టీ కోసం ఆగాం. వాళ్లిద్దరూ దిగి రోడ్డు పక్కన ద్రాక్ష కొంటున్నారు. కారులో అత్తా నేనూ మిగిలాం. అత్త నా వైపు తిరగకుండానే అంది:

"నీ తులాభారానికి బెల్లం దిమ్మెలు పేర్సింది నేనే గదా మే. యాభై ఎనిమిది. సిన్నది ఆ అంకె సెప్పినప్పుడే నాకు తెలీదా?"

"తెలిసీ చెప్పలేదే అత్తా?"

"సెప్తే నువ్వు రావు గదా. పందిరి సూడాలంటే నువ్వు పక్కన ఉండాలనుకుంటి. మూడు సీట్లే అంటే నోరు మూసుకున్నా." అత్తే మళ్లీ అంది, "సిన్నదానికీ తెలుసు. నీ జాకెట్లు కుట్టేది అది. టేపు పట్టేదానికి నీ కొలత తెలీదా? నేనడిగితే, అక్కకు రావాలని ఉండాది అత్తా, రానీలే అనె."

ఈ మాట విని నా మనసు కరిగి ఉండాలి. కొంత కరిగింది. అత్తకు నేను కావాలి, అది నిజం. కానీ ఆ వెంటే ఇంకొకటి లేచింది: మంచితనంలో కూడా తనే ముందుంది. నేను అబద్ధమాడి సంపాదించుకున్నదాన్ని తను నవ్వుతూ వదిలేసి పోయింది. ద్రాక్ష పొట్లం తెచ్చి, ముందు నా ఒళ్లో పెట్టింది. "తినక్కా, తియ్యగా ఉండాయి." తిన్నాను. తియ్యగానే ఉన్నాయి.

తర్వాతి శనివారం పారాయణకు ముందు, జాకెట్టు తిరగేసి చూశాను. తను చెప్పినట్టే రెండు వేళ్ల గుడ్డ, అంచు చక్కగా మడిచి, నీటుగా కుట్టి ఉంది. బ్లేడుతో ఆ కుట్టు విప్పాను. ఏళ్ల తర్వాత ఊపిరి నిండా పీల్చుకుని పారాయణకు కూర్చున్నాను. ఆ రాణి కథ మాత్రం మళ్లీ చెప్పలేదు. తోడికోడలికి క్షమించమని కూడా ఇంకా చెప్పలేదు. రెండుసార్లు ఫోను తీసి, జాకెట్టు కొలత గురించి మాట్లాడి పెట్టేశాను.

ఇప్పుడు ప్రతి సాయంత్రం దీపం దగ్గర తన పేరు చెప్పి, చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. పేరు వరకు గొంతు సాఫీగా వస్తుంది. ఆ తర్వాతి మాట సగంలో ఆగిపోతుంది. ఇది చదువుతున్న తల్లీ, తండ్రీ, మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఒక్క క్షణం నాతో కలిసి చేతులు జోడించండి. స్వామీ, ఆమెను చల్లగా చూడు, అని నా బదులు మీరు పూర్తి చేయండి. మీ వెంట నేనూ అంటాను.