నూకరాజు మాస్టారి కనుబొమలు

మండపేట బ్యాండు మేళాన్ని నడిపించేది నూకరాజు మాస్టారి కనుబొమలు. రెండు చేతులూ క్లారినెట్‌కే సరిపోతాయి కనుక, ఎడమ బొమ ఎత్తితే డ్రమ్ములు తగ్గాలి, కుడి బొమ ఎత్తితే ట్రంపెట్లు లేవాలి. నెరిసిన తలకు వెయ్యని రంగు బొమలకు మాత్రం వేస్తారు, ఆఖరి వరసవాళ్లకి కూడా కనబడాలని. ఒంటిమీద జరీ కుచ్చుల ఎర్రకోటు, కాళ్లకి హవాయి చెప్పులు. ఊరేగింపులో మేళం వైపు తిరిగి వెనక్కి నడుస్తారు కాబట్టి గోదావరి జిల్లాల్లో ఆయన తిరగని వీధి లేదు, ఎదురుగా చూసిన వీధీ లేదు. ఆయన సొంతంగా కట్టిన వరస ఒకటుంది. సినిమా పాటల మధ్య దాన్ని దొంగసరుకులా దూరుస్తుంటారు. మొన్న పెనుగొండ పెళ్లిలో ఎవరో బాగుందంటే, "నేనే కట్టానండి" అన్నారు పొంగిపోయి. "అలాగాండీ? అయితే ఇప్పుడేదైనా మంచి పాట వాయించండి" అన్నారు వాళ్లు.

నిన్న భీమవరంలో ఆ వరస వింటూనే పెళ్లికూతురి తాతగారు సుబ్బరామరాజు గారు ఊరేగింపు ఆపించి మరీ దగ్గరికొచ్చారు.

"ఏవండీ మాస్టారూ, ప్రాణం లేచొచ్చిందండి! ఏ సినిమాలోదండి ఇది?"

మాస్టారు క్లారినెట్ తుడుచుకున్నారు.

"పాతదండి. పెద్దగా ఆడలేదు."

"ఆడకపోవడమేంటండీ! ఈ ఊళ్లోనే నేను మూడుసార్లు చూశాను. మళ్లీ వాయించండి."

"ఆయ్" అన్నారు మాస్టారు.

రెండు బొమలూ ఒకేసారి పైకి లేచాయి. అదేం సైగో తెలియక, వాయించాలో మానాలో తేలక, మేళమంతా అలా నిలబడిపోయింది.