బూటు పాలిష్ పూసుకున్న బొమ్మ

ఆ మ్యూజియంలో పాత వస్తువులు పరీక్షించే ఆవిడకు తోటివాళ్ళు పెట్టిన పేరు భూతద్దం. పేరుకు తగ్గట్టే ఏదీ ఓ పట్టాన నమ్మదు. నమ్మేదల్లా మేనమామ ఒక్కణ్ణే. తల్లీతండ్రీ లేని పిల్లను పెంచి పెద్దచేసిన మనిషి మరి. పోలీసు బ్యాండులో బాకా ఊది రిటైరయ్యాడు.

ఒక ఉదయం ఆయన తువ్వాలులో చుట్టిన మట్టిబొమ్మ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. జానెడు మనిషి, తల చుట్టూ గుండ్రటి తొడుగు. పునాదులు తవ్వుతుంటే బయటపడిందని ఎవడో అంటగట్టాడట. వేల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి దిగినవాళ్ళ బొమ్మేనని ఆయన అప్పుడే వీధంతా టముకు వేసి వచ్చాడు. సాయంత్రానికల్లా మేనకోడలి చేత కూడా ఔననిపిస్తానని మాటిచ్చాడు కూడా.

బొమ్మ నకిలీదని ఆమెకు చూడగానే తెలిసిపోయింది. కాదంటే మామయ్య వీధిలో తలెత్తుకుని తిరగలేడు. పోనీ అని ఔనందామా, ఇన్నేళ్ళ ఉద్యోగంలో చెయ్యని పని.

అయితే ఆమె పద్ధతి ఒకటుంది. ఎవరు ఏం తెచ్చినా ముందు తను నోరు విప్పదు, తెచ్చినవాళ్ళ చేతే పరీక్ష చేయిస్తుంది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లనే వదల్లేదు, సొంత మామయ్యని వదులుతుందా? దూదికి స్పిరిట్ అద్ది ఇచ్చి, బొమ్మ వీపు మీద ఓ మూల తుడవమంది. ఆయన హుషారుగా తుడిచాడు. వేల ఏళ్ళ నలుపు కాస్తా దూదికి అంటుకుంది. అడుగున కొత్త కుండ రంగు తేలింది. ఆయన దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రోజూ పరేడుకు ముందు బూట్లు తళతళలాడించిన మనిషికి ఆ వాసన ఇంకొకరు చెప్పాలా?

"బూటు పాలిషమ్మా ఇది," అన్నాడు నెమ్మదిగా. "అదీ చవకరకం."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఆయన మాత్రం ఆమె చేతి భూతద్దం అడిగి తీసుకుని, పాలిష్ ఎక్కడెక్కడ దట్టంగా పట్టిందో వెతకడంలో పడ్డాడు. భోజనం వేళ దాటినా లేవలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "వీధిలో వాళ్ళకి ఏం చెప్పనే?" అన్నాడు.

ఆమె బొమ్మను తీసుకెళ్ళి నకిలీల అలమారులో నిలబెట్టి, ముందు చిన్న అట్ట పెట్టింది. "నకిలీ. గుట్టు పట్టినవారు: పోలీసు బ్యాండు మాజీ బాకా వాద్యకారుడు."

ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. సాయంత్రానికి వీధినంతా వెంటేసుకొచ్చాడు. మోసపోయావటగా అని ఎవరో ఎగతాళి చేయబోతే, అందరికంటే ముందు ఆయనే నవ్వాడు.

"పొద్దున మోసపోయిందీ నేనే, మధ్యాహ్నం పట్టుకున్నదీ నేనే," అంటూ ఆ దూదిని ఒక్కొక్కరి ముక్కు కిందికీ వరసగా తిప్పాడు.